కొడుకు బాకీ మనుమడికి కడితే తీరుతుందా?

నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒక పల్లె నుంచి 67 ఏళ్ల పెద్దాయన ఉత్తరం పంపారు. తనకు చదువు రాదట, పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయికి చెప్పి రాయించారు. ఆరు పేజీలు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

పద్దెనిమిదో ఏట మేస్త్రీ చేతి నుంచి అడ్వాన్సు తీసుకుని, గుంపుతో కలిసి ఊరు దాటారు. మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటకల్లో కాలువలు తవ్వారు, సొరంగాల్లో మట్టి మోశారు, తర్వాత తాపీ పని నేర్చుకున్నారు. అలా 27 ఏళ్లు. పెళ్లయ్యాక భార్య కూడా వెంట వెళ్లింది. కొడుకు, బిడ్డ ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగారు. దసరాకు వస్తే దీపావళి లోపలే మళ్లీ మూట కట్టేవారు. ఆ సంపాదనతో మూడెకరాల ఇరవై గుంటలు కొన్నారు, తండ్రి నుంచి వచ్చింది మరో ఎకరం పది గుంటలు. కొడుకు ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఎల్బీనగర్ వైపు ఫ్లాటు. మనుమడికి తొమ్మిదేళ్లు, మనుమరాలికి ఐదు. బిడ్డను అచ్చంపేట దగ్గర ఇచ్చారు, ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. భార్య పోయి మూడేళ్లయింది.

పోయిన దసరాకు మనుమడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఈయన వాణ్ని ఒళ్లోకి లాక్కుని, ఐదువందల నోటు జేబులో పెట్టి, "ఈ భూమంత నీదే బిడ్డా" అన్నారు. అది విన్న కొడుకు రాత్రి అన్నం దగ్గర అన్న మాట ఇది: "నేను చిన్నగున్నప్పుడు ఒక్కసారన్న నన్ను గిట్ల కూసోబెట్టుకున్నవా నాయనా? నాకు తండ్రివి కాలేదు, వానికి తాతవైతవా?" పొద్దున్నే అందరూ కారెక్కి వెళ్లిపోయారు.

చిప్స్, కూల్‌డ్రింకులు కొనిపెడతారని, అడిగితే ఫోను చేతికిస్తారని కోడలికి అంతకుముందు నుంచే కోపం. భూమి అమ్మి హైదరాబాద్ పక్కన ప్లాటు కొందామని కొడుకు రెండేళ్లుగా అంటున్నాడు. ఈయన అడిగినవి మూడు. భూమి మనుమడి పేరు మీద చేస్తే బాకీ తీరుతుందా? పట్నం పోయి కొడుకు ఇంట్లో ఉండాలా, ఊళ్లోనే ఉండాలా? చచ్చిపోయాక కూడా ఆ పిల్లలు "మా తాత" అనుకోవాలంటే ఏం చేయాలి?

అన్నా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరడిగిన మూడు ప్రశ్నలూ ఆ రాత్రి అన్నం దగ్గర మీ కొడుకు అన్న మాట నుంచే పుట్టాయి. అందుకే ముందు ఆ మాట గురించి చెబుతాను.

ఆ మాట అతని నోట్లో ముప్పై ఏళ్లుగా ఉంది. మీ ఒళ్లో తన కొడుకును చూసేసరికి బయటపడింది. పిల్లవాణ్ని చూసి ఈర్ష్య పడ్డాడనో, భూమి తనకు రాదని కడుపు మండిందనో అనుకోకండి. తనకు కావలసింది మీ దగ్గర ఉండేదని, అప్పుడు తన దాకా రాలేదని ఆ రోజు కళ్లారా చూశాడు.

మీరు పిల్లల్ని వదిలి ఎందుకు పోయారో నాకు తెలుసు. కృష్ణా, తుంగభద్ర రెండూ పాలమూరును ఒరుసుకుని పారుతున్నా పొలాలకు నీళ్లెక్కని రోజులవి. వాన పడితే జొన్న, లేకపోతే మేస్త్రీ. అడ్వాన్సు పట్టుకున్నాక ఆ ఏడాది మీ చేతుల్లో ఉండేది కాదు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ అక్కడ ఉండేవాడు. ఇదంతా మీ కొడుక్కీ తెలుసు, చదువుకున్నవాడు. తెలిసినా జ్వరమొచ్చిన రాత్రి మంచం పక్కన తండ్రి లేడన్నది అతనిలో అలాగే ఉండిపోయింది. మీ కరువు నిజం, అతని ఒంటరితనం నిజం. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టేయలేం.

ఇప్పుడు మీ ముందు రెండు మూడు దారులున్నాయి.

ఏమీ జరగనట్టే ఉండొచ్చు. చాలా ఇళ్లలో జరిగేది అదే. పండక్కి వస్తారు, తింటారు, పోతారు. మాట పెరగదు, కానీ మీరు మనుమణ్ని ముద్దు చేసిన ప్రతిసారీ కొడుకు ముఖం పక్కకు తిరుగుతుంది. ఆ పిల్లవాడు అది పసిగడతాడు. తాత దగ్గర సంతోషంగా ఉంటే నాన్నకు నచ్చదని తొమ్మిదేళ్లవాడికి అర్థమైతే, వాడే మెల్లగా మీకు దూరం జరుగుతాడు.

రెండో దారి, ఎందుకు పోవాల్సి వచ్చిందో వివరంగా చెప్పడం. మీ అమ్మ రేకు డబ్బాలో దాచిన మనియార్డరు కూపన్లు ఇంకా ఉన్నాయని రాశారు. వాటిని కొడుకు ముందు పెడదామా అని అడిగారు. వద్దు, అన్నా. అవి చాలా విలువైనవి, వాటి సంగతి తర్వాత చెబుతాను. కానీ గాయపడ్డవాడి ముందు రసీదులు పరిస్తే లెక్క చూపించినట్టుంటుంది. "ఇంత పంపిన, ఇంకేం కావాలె" అని అతనికి వినిపిస్తుంది. అతను అడిగింది పైసల సంగతి కాదు కదా.

మూడోది కష్టం. నేనైతే దాని వైపే మొగ్గుతాను. కొడుకు ఒక్కడే ఉన్నప్పుడు, పట్నంలో గాక మీ పొలం గట్టు మీద కూర్చుని, "నువ్వన్నది నిజమేరా. నేను లేను. ఆ దినాలల్ల నీకేం జరిగిందో నాకు తెల్వదు. చెప్పు, వింట" అనండి. ఆ పైన "కానీ" అనే మాట మాత్రం రానివ్వకండి. అతను ఏమీ చెప్పకుండా లేచిపోవచ్చు. లేదా బడిలో తండ్రి సంతకం అడిగిన రోజు నుంచి మొదలుపెట్టి గంటసేపు ఏకరువు పెట్టవచ్చు. అది వినడం మీకు సొరంగంలో మట్టి మోసినదానికంటే బరువుగా ఉంటుంది. ఒక్కసారికి తేలదు. అయినా ఆ తర్వాత మీరు మనుమణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, అతను చూసే చూపులో ఏదో ఒక తేడా వస్తుంది.

కొడుక్కి ఇవ్వాల్సింది మనుమడికి ఇస్తే చెల్లదన్నా. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. మనుమడికి మీరు బాకీ లేరు. వాడి దగ్గరికి అప్పు తీర్చేవాడిలా వెళ్లకండి, ఉత్త తాతలా వెళ్లండి.

ఇంకొక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. ఆరు పేజీల్లో మనుమడు అడుగడుగునా ఉన్నాడు. ఐదేళ్ల మనుమరాలి మాట ఒక్కచోటే ఉంది. మీ బిడ్డ కూతుళ్లు "ఇద్దరు ఆడపిల్లలు" అన్న రెండు మాటల్లో అయిపోయారు. అచ్చంపేట మీకు హైదరాబాద్ కంటే ఎంతో దగ్గర. పట్నంలో ఉన్న మనుమడి కోసం ఇంత అల్లాడుతున్నారు, పక్కనే ఉన్న ఇద్దరు పిల్లలకు తాత ఉన్నాడా లేడా? వాళ్ల అమ్మ కూడా నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్లే. ఆమె మిమ్మల్ని ఏమీ అనలేదని రాశారు. అననంత మాత్రాన ఏమీ లేదని కాదు. ఆడపిల్ల పుట్టింట్లో నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మా అమ్మ వాళ్ల నాయనది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి యాభై దాటేసరికి ఆయన నడుము వంగి బిగుసుకుపోయింది, మోకాళ్లు ముడుచుకునేవి కావు. మమ్మల్ని ఎత్తుకోలేదు, జాతరకు తీసుకుపోలేదు. సాయంత్రం అరుగు మీద గోడకు ఆనుకుని, ఎవరో తోటలో ఇచ్చిన బత్తాయిలు ముందు పెట్టుకునేవాడు. తోలు తీసేవాడు, తొన మీది తెల్లటి పొర గోటితో ఒలిచేవాడు, గింజ నొక్కి పక్కన పెట్టేవాడు, అప్పుడు మా నోట్లో పెట్టేవాడు. వంకర తిరిగిన వేళ్లతో ఒక కాయ ఒలవడానికి చాలాసేపు పట్టేది. ఆ సేపంతా మేం ఎదురుగా కూర్చుని బడి ముచ్చట్లు చెప్పేవాళ్లం. ఆయన ఆస్తి ఎంతో, ఎవరికి రాశాడో నాకు గుర్తు లేదు. ఇప్పటికీ బత్తాయి తొన మీద పొర ఉంటే నేను తినలేను.

మీకు మోకాళ్లు బాగున్నాయి, చేతిలో పనితనం ఉంది. గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసే గుండు దారం ఇంకా మీ ఇనుప పెట్టెలో ఉందన్నారు. మనుమడొచ్చినప్పుడు పది ఇటుకలు, తట్టెడు మట్టి ఇచ్చి, కోళ్ల గూటికి చిన్న గోడ కట్టించండి. గుండు వదిలి అది ఊగి ఊగి ఆగేదాకా చూడమనండి. ఐదేళ్ల పిల్ల చేతికి దారం ఇవ్వండి, పట్టుకుంటుంది. వంకరొస్తే మీరు సరిచేయకండి, వాళ్లే చూసుకుని మళ్లీ పేర్చుకుంటారు. అప్పుడు ఫోను అడగరు. అడిగినా కాసేపే.

కోడలి సంగతిలో నేను ఆమె వైపే. మీరు ప్రేమతోనే కొనిపెట్టారు, నిజమే. కానీ పిల్లల పళ్లు, నిద్ర, చదువు రోజూ చూసుకునేది ఆమె. తాత వచ్చిపోయాక మూడు రోజులు అదుపు తప్పితే భరించేదీ ఆమే. ఈసారి వెళ్లే ముందు ఫోను చేసి, "ఏం తేవాలె బిడ్డా?" అని అడిగి చూడండి. పచ్చి పల్లికాయ తెమ్మంటుందేమో, మక్క కంకులు అంటుందేమో. అడిగినందుకే సగం చల్లబడుతుంది. ఐదువందల నోటు పిల్లవాడి జేబులో పెట్టే అలవాటు మానేయండి. ఇవ్వాలనుంటే పిల్లలిద్దరి పేరా సమానంగా వాళ్ల అమ్మ చేతికివ్వండి.

పట్నమా, ఊరా అన్నది చూద్దాం. మొత్తానికి కొడుకు ఇంటికి మారితే పిల్లలు రోజూ కళ్ల ముందుంటారు. కానీ రెండు పడకగదుల ఫ్లాటు, ఇద్దరూ ఉద్యోగాలు, పిల్లలు బడికి పోయాక సాయంత్రం దాకా మీరు, టీవీ. కొడుకుతో ఆ మాట ఇంకా తేలలేదు. తేలని మాటతో ఒక కప్పు కింద ఉంటే చిన్నచిన్న వాటికే పేలుతుంది. ఇప్పుడే ఊరు వదలొద్దని నా అభిప్రాయం. అలాగని ఊళ్లోనే ఉండి పండుగలకు ఎదురుచూస్తే ఏడాదికి పదిహేను రోజుల తాత అవుతారు. మీ కొడుక్కి మీరు అలాంటి తండ్రే అయ్యారు, అది మళ్లీ వద్దు.

నెలకోసారి, చెప్పిన తేదీకి నాలుగు రోజులు వెళ్లి రండి. రెండో శనివారం అంటే రెండో శనివారమే. పని ఉందని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి తప్పిస్తే, చెప్పి రాని మనిషి అన్న ముద్ర మీ కొడుకు మనసులో పాతదే, మళ్లీ పచ్చిదవుతుంది. మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి ఫోను. "తిన్నవా, చదువుతున్నవా" అని అడిగితే పిల్లలు "ఊఁ" అని పెట్టేస్తారు. సొరంగంలో మొదటి రోజు దీపం ఆరిపోతే ఏం చేశారో చెప్పి, మధ్యలో ఆపేయండి. మర్నాడు ఎనిమిదికి వాళ్లే చేస్తారు. అచ్చంపేట పిల్లల్ని కూడా అదే ఫోనులో కలపమనండి, వాళ్లలో పెద్దపిల్లకు అది క్షణంలో పని. నలుగురూ ఒక కథ వింటారు.

ఇక భూమి. దీనికి వకీలు దగ్గరికి వెళ్లక తప్పదు. వెళ్లేముందు మీకు తెలియాల్సినవి చెబుతాను.

మనుమడి పేరు మీద గిఫ్టు రిజిస్ట్రేషన్ చేస్తే ఆ రోజుతో భూమి మీది కాదు. రేపు ఆసుపత్రి ఖర్చొచ్చినా దాని మీద అప్పు పుట్టదు, పట్టా మీద వచ్చే రైతు భరోసా కూడా మీకు రాదు. పిల్లవాడు మైనరు కాబట్టి, వాడికి 18 నిండేదాకా తండ్రి సంరక్షకుడిగా ఉంటాడు. కానీ 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా దాన్ని అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు. భూమి కాపాడటానికి అది మంచిదే. పిల్లవాడి చదువుకే అవసరం పడితే మాత్రం అది ముడిగా మారుతుంది. గిఫ్టే ఇవ్వదలిస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు పత్రంలో రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌కు వెళ్లి గిఫ్టును రద్దు చేయించుకునే వీలు అది కల్పిస్తుంది. తాతను చూసుకోవాలన్న ఆ షరతు భారం తొమ్మిదేళ్ల పిల్లవాడి మీద పెట్టడానికి నాకైతే మనసొప్పదు.

వీలునామా రాస్తే మీరు ఉన్నన్నాళ్లూ భూమి మీదే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు మీ ముందు సంతకం చేయాలి, భాగం దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. మీరు వేలిముద్ర వేసినా చెల్లుతుంది. రాసిందంతా సాక్షుల ముందు చదివి వినిపించమనండి, అర్థమయ్యాకే వేలు వేయండి. ఏ కాగితమూ రాయకపోతే మీరు కొన్న భూమి కొడుక్కీ బిడ్డకూ చెరి సగం వస్తుంది, మనుమలకు నేరుగా ఏమీ రాదు.

తండ్రి నుంచి వచ్చిన ఎకరం పది గుంటలు వేరే సంగతి. అది పిత్రార్జితంగా నిలిస్తే దాంట్లో మీ బిడ్డకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ అదే చెప్పింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. "భూమంత నీదే" అని పిల్లవాడికి చెప్పే హక్కు మీకు పూర్తిగా ఉందో లేదో కాగితాలు చూసిన వకీలే తేల్చాలి.

అమ్మి ప్లాటు కొనడం తప్పని నేననను. మీ కొడుకు లెక్క అతనికుంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక మీ వైపు భూమికి ధర పలుకుతోంది, ఆ ధర చూసే అంటున్నాడేమో. అమ్మితే ఆ డబ్బులో మీ బతుకుకు సరిపడా మీ పేరు మీదే బ్యాంకులో ఉండాలి, బిడ్డ భాగం బిడ్డకు చేరాలి. ఊళ్లో ఇల్లు, కనీసం ఒక ఎకరం ఉంచుకోండి. పిల్లలు వచ్చి దిగడానికి ఒక చోటుండాలి. ఏది చేసినా, కొడుకునూ బిడ్డనూ ఒకే రోజు పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే మాట ఇద్దరికీ చెప్పండి. ఒకరికి చెప్పి ఇంకొకరికి తెలిసేలా చేస్తే మీ తర్వాత వాళ్లిద్దరూ పండక్కి కూడా కలవరు.

మీ మూడో ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నాలుగో పేజీలో, ఏదో మాటవరసకన్నట్టు రాయించారు. మీ నాయన నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడని. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ అది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. సిమెంటు కాంక్రీటు పోసి కాకుండా, ప్రధాన కట్టను రాయి మీద రాయి పేర్చి కట్టారు. మీ మనుమడి బడి పుస్తకంలో ఆ డ్యామ్ బొమ్మ ఉంటే ఉండొచ్చు, ఆ రాళ్లలో తన ముత్తాత మోసినవి ఉన్నాయని వాడికి ఎవరు చెప్పారు? గేట్లు ఎత్తిన రోజుల్లో కొడుకు కుటుంబాన్ని, బిడ్డ కుటుంబాన్ని కలిపి ఒక బండిలో సాగర్ తీసుకుపోండి. కట్టను చూపించి మీ నాయన పేరు చెప్పండి. ఎంత కూలి ఇచ్చేవారో, ఎక్కడ గుడిసె వేసుకున్నారో మీకు తెలిసినంత చెప్పండి.

మనియార్డరు కూపన్లు ఆ రోజు బయటికి తీయండి, పిల్లల కోసం. అడుగున రాయించిన రెండు ముక్కల కబురు మీ మనుమరాళ్లతో చదివించండి. "పిల్లలు బాగున్నారా" అని ప్రతి కూపన్లో ఉందన్నారు కదా. పక్కన మీ కొడుకు కూడా ఉంటాడు. అతని వైపు చూడకండి. వింటాడు.

సెప్టెంబరులో వేశానన్న పల్లి చేను సంక్రాంతి నాటికి పీకుడుకు వస్తుంది. బడులకు సెలవులు కూడా అప్పుడే. కూలోళ్లను పెట్టినా, గట్టు పక్క నాలుగు సాళ్లు వదిలేయమనండి. నలుగురికీ తలా ఒక సాలు. చిన్న తట్టలు నాలుగు కొనండి, ఒక్కటైతే కొట్లాడుకుంటారు. కొడుకును కూడా చేన్లోకి రమ్మనండి, పిల్లలకు సాయం చేయమని.